మందు మంచిదే, మూత్రపిండాలను కనిపెట్టి వుండాలి



పాల లెక్క, చాకలి పద్దు, గ్యాసుబండ వచ్చిన తేదీ – ఇవన్నీ మనం వంటింటి కాలెండరు మీదనో, ఓ పాత నోటుపుస్తకంలోనో రాసి పెట్టుకుంటాం. మగవాళ్ళు నవ్వుతారు కూడా, “ఈ లెక్కలన్నీ ఎందుకూ?” అని. అలాంటి లెక్కే ఒక మనిషి మూత్రపిండాలను కాపాడిందంటే నమ్ముతారా? మా కుటుంబంలోనే జరిగింది. ఆ సంగతి చెబుతూ, ఇమ్యునోగ్లోబ్యులిను అనే మందు గురించీ, దానివల్ల అరుదుగా మూత్రపిండాలకు కలిగే హాని గురించీ ఈ వేళ నాలుగు మాటలు చెబుతాను. పేరు నోరు తిరగనిదే. విషయం మాత్రం మన వంటింటి భాషలో చెప్పుకోగలిగినదే.

మా చెల్లెలు పాడేరులో టీచరు. మరిదిగారికి ఏభై దాటాయి. నాలుగేళ్ళుగా చక్కెర జబ్బు వుంది. ఆ వేసవిలో ఆయనకు రెండు రోజులు విరేచనాలయ్యాయి. తగ్గిపోయాయి కదా అని అంతా మరిచిపోయారు. తరవాత వారానికి నడుం నొప్పి పట్టుకుంది. మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని, రోజుకు మూడు చొప్పున నాలుగు రోజులు వేసుకున్నారు. అయిదో రోజు పొద్దున్న మంచం దిగి చెప్పులు తొడుక్కోబోతే కాళ్ళు స్వాధీనంలో లేవు. మధ్యాహ్నానికి కాఫీ గ్లాసు పట్టుకోవడానికి చేతులు కూడా రాలేదు.

పాడేరులో డాక్టరుగారు చూసి, ఇది నరాలకు సంబంధించిన జబ్బులా వుంది, ఆలస్యం చెయ్యకుండా విశాఖపట్నం తీసుకువెళ్ళమన్నారు. పాడేరు 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణం. 2024లో వైద్య కళాశాల కూడా మొదలైంది. అయినా ఇలాంటి పెద్ద జబ్బులకు ఇప్పటికీ చాలామంది కొండ దిగవలసే వస్తోంది. విశాఖకు నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. అందులో మాడుగుల దిగేదాకా ఘాట్ రోడ్డు. మలుపుల్లో వాంతి చేసుకుంటారేమోనని దారి పొడుగునా మా చెల్లెలు ఆయనకు మంచినీళ్ళు ఇవ్వలేదు. మనమైనా అంతే చేసేవాళ్ళం. ఈ విరేచనాలు, నొప్పి మాత్రలు, నీళ్ళు లేని ప్రయాణం – ఈ మూడింటినీ కాస్త గుర్తు పెట్టుకోండి. మళ్ళీ వీటి దగ్గరికే వస్తాను.

విశాఖలో పరీక్షలు చేసి, అది గియాన్ బారే జబ్బు అన్నారు. జీ.బీ.ఎస్. అంటారు. 2025 జనవరిలో పుణేలో ఈ జబ్బు ఒక్కసారిగా ఎక్కువమందికి వచ్చినప్పుడూ, ఆ ఫిబ్రవరిలో గుంటూరు పెద్దాసుపత్రిలో కేసులు చేరినప్పుడూ మీరు పత్రికల్లో చదివే వుంటారు. విరేచనాలో, జ్వరమో వచ్చి తగ్గాక, ఆ క్రిముల మీద యుద్ధానికి బయలుదేరిన మన ఒంటి రక్షణ బలగం పొరపాటున మన నరాల మీదే పడుతుంది. కాళ్ళతో మొదలై చచ్చుదనం పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే ప్రాణాపాయం. అలా పాకకుండా ఆపడానికి ఇచ్చే ముఖ్యమైన మందుల్లో ఒకటి ఇమ్యునోగ్లోబ్యులిను.

ఇంతకీ ఈ మందు ఎక్కడ నుంచి వస్తుంది? ఏ చెట్టు నుంచీ కాదు, ఏ గనిలో నుంచీ కాదు. సాటి మనుషుల రక్తంలో నుంచి. మన రక్తంలో ఎర్ర కణాలను పక్కకు తీస్తే మిగిలే పసుపుపచ్చని ద్రవాన్ని ప్లాస్మా అంటారు. వెయ్యిమందికి పైగా దాతల ప్లాస్మాను ఒకచోట చేర్చి, శుద్ధి చేసి, అందులో వుండే రక్షక పదార్థాలను వేరు చేస్తారు. వాటినే ఇమ్యునోగ్లోబ్యులిన్లు అంటారు. 1952లో అమెరికాలో బ్రూటన్ అనే డాక్టరు, మాటిమాటికీ అంటురోగాల పాలవుతున్న 8 ఏళ్ళ పిల్లవాడి రక్తంలో ఇవి లేవని కనిపెట్టి, చర్మం కిందికి ఇంజక్షనుగా ఇచ్చాడు. తరవాత నరంలోకి ఎక్కించే రకాలు వచ్చాయి. 1981లో స్విట్జర్లాండులో ఇంబాక్ అనే డాక్టరు, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయిన పిల్లలకు దీనితో గుణం కనిపించిందని ప్రకటించాడు. జీ.బీ.ఎస్.కు పనిచేస్తుందని 1992లో హాలండు డాక్టర్లు రుజువు చేశారు. పసిపిల్లలకు గుండె రక్తనాళాలు దెబ్బతినే కవాసాకీ జబ్బుకు కూడా ఇదే ముఖ్యమైన మందు. కనుక ఇది ప్రాణదాత. ఈ మాట ముందే చెబుతున్నాను. నేను తరవాత చెప్పేది విని, “అమ్మో, మా పిల్లవాడికి ఈ మందు వద్దు” అని ఎవరూ అనకూడదు.

మరి మూత్రపిండాలకు చేటు ఎందుకు కలుగుతుంది?

ఈ రక్షక పదార్థాలకు ఒక గుణం వుంది. వాటి మానాన వాటిని వదిలేస్తే ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. ఉండలు కట్టిన మందు నరంలోకి పోతే ప్రమాదం. అందుకని విడివిడిగా వుండడానికి మరో పదార్థం కలుపుతారు. కొన్ని రకాల్లో, ముఖ్యంగా పాతకాలపు పొడి మందుల్లో, కలిపేది సుక్రోజు. అంటే మన వంటింటి డబ్బాలో వుండే చక్కెరే!

“చక్కెరేగా, రోజూ కాఫీలో తాగడం లేదూ?” అనుకుంటారు. అక్కడే వుంది తేడా. మనం నోటితో తిన్న చక్కెరను పేగులు రెండు ముక్కలుగా విరగ్గొట్టి రక్తంలోకి పంపుతాయి. నేరుగా నరంలోకి పోయిన చక్కెరను విరగ్గొట్టే సాధనం రక్తంలో లేదు. అది అలాగే మూత్రపిండాల దాకా పోతుంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సన్నని వడపోత గొట్టాలు వుంటాయి. ఆ గొట్టాల గోడల్లోని కణాలు ఈ చక్కెరను లోపలికి తీసుకుంటాయి. కాని జీర్ణం చేసుకోలేవు.

పాయసంలో వేసిన కిస్‌మిస్ పండును ఎప్పుడైనా గమనించారా? ముడతలు పడిన ఎండు పండు, కాసేపు నీళ్ళలో వుంటే గుండ్రంగా ఉబ్బుతుంది. దాని లోపలి చక్కెర నీటిని లాక్కుంటుంది. మూత్రపిండాల్లోని కణాలదీ అదే పాట్లు. లోపల చక్కెర పేరుకుంటుంది, నీరు చేరుతుంది, కణం ఉబ్బుతుంది. గోడలు ఉబ్బితే మధ్యలో దారి సన్నబడుతుంది. మూత్రం తయారు కావడం తగ్గిపోతుంది. బయటికి పోవలసిన మలినాలు రక్తంలో నిలిచిపోతాయి. రక్తపరీక్షలో క్రియాటినిను అనే అంకె పెరుగుతుంది.

ఎంత చక్కెర పోతుందో ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను. జీ.బీ.ఎస్.కు సామాన్యంగా ఇచ్చే మోతాదు, ఒంటి బరువులో ప్రతి కిలోకూ మొత్తం 2 గ్రాములు. దాన్ని 5 రోజులకు పంచి ఇస్తారు. 60 కిలోల మనిషికి రోజుకు 24 గ్రాములు. పాత రకాల్లో కొన్నింటిలో గ్రాము మందుకు ఒకటిన్నర గ్రాములకు పైగా చక్కెర వుండేది. అంటే రోజుకు దాదాపు 40 గ్రాములు, పది చిన్న చెంచాలు నేరుగా నరంలోకి!

చక్కెర నరంలోకి పోతే మూత్రపిండాల కణాలు ఉబ్బుతాయన్నది కొత్త సంగతి కూడా కాదు. 1930, 40 సంవత్సరాల ప్రాంతంలో, మెదడులో ఒత్తిడి తగ్గించడానికి చిక్కని చక్కెర ద్రావణాన్ని నరంలోకి ఎక్కించేవారు. అప్పుడే డాక్టర్లు ఈ మార్పును చూశారు. ఆ వైద్యం మానేశారు. అదే చక్కెర మళ్ళీ మరో మందు వెంట వచ్చింది. 1985 నుంచి 1998 వరకు ఈ మందు తరవాత మూత్రపిండాలు దెబ్బతిన్నాయని అమెరికా ఔషధ శాఖకు వివిధ దేశాల నుంచి సుమారు 120 నివేదికలు అందాయి. వాటిలో అత్యధిక భాగం సుక్రోజు కలిసిన రకాలతో వచ్చినవే. వాళ్ళలో నూటికి 40 మంది దాకా డయాలిసిస్ అవసరమైంది. కొందరు చనిపోయారు కూడా, అయితే వాళ్ళలో చాలామంది అప్పటికే తీవ్రమైన జబ్బుల్లో వున్నవాళ్ళు. ఆ ఏళ్ళలో ఈ మందు పుచ్చుకున్న వేలాదిమందితో పోలిస్తే ఈ సంఖ్య స్వల్పమే. అయినా డాక్టర్లను హెచ్చరించారు, మందు ఎంత నెమ్మదిగా ఎక్కించాలో హద్దులు పెట్టారు. తరవాత చాలా కంపెనీలు చక్కెర మాని గ్లైసిను, ప్రోలిను వంటివి కలపడం మొదలుపెట్టాయి. దానితో బెడద బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు. ఒక్కొక్కసారి ఈ మందులో వుండే పదార్థాలు రోగి ఎర్ర కణాలను విరగ్గొట్టి కూడా మూత్రపిండాల మీద భారం వేస్తాయి. ఏ, బీ, ఏబీ గ్రూపుల వాళ్ళకు ఈ సంగతి వర్తిస్తుంది. అప్పుడు మూత్రం టీ డికాక్షను రంగులో వస్తుంది.

ఎవరికి ఈ ముప్పు ఎక్కువ? మూత్రపిండాలు ముందే బలహీనంగా వున్నవాళ్ళకు, చక్కెర జబ్బు వాళ్ళకు, 65 ఏళ్ళు దాటినవాళ్ళకు, ఒంట్లో నీరు తగ్గినవాళ్ళకు, మూత్రపిండాలను బాధించే ఇతర మందులు వాడుతున్నవాళ్ళకు. ఇప్పుడు మా మరిదిగారి సంగతి చూడండి. చక్కెర జబ్బు. విరేచనాలు. నొప్పి మాత్రలు. ఘాట్ రోడ్డు మీద పొడి గొంతుతో ప్రయాణం. ఆ మాత్రలు మూత్రపిండాలకు రక్తం చేర్చే దారిని సన్నం చేస్తాయి. నీరు తగ్గిన ఒంట్లో అసలే రక్తప్రసారం తక్కువ. దానిపైన ఈ మందు. అన్నీ ఒకే వారంలో కలిశాయి!

మన్యం నుంచి వచ్చేవాళ్ళ విషయంలో మరి రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి మలేరియా. ఆ కొండల్లో వచ్చే ఫాల్సిపారం రకం మలేరియా ముదిరితే అదే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఈమధ్య జ్వరం వచ్చి వుంటే చెప్పి తీరాలి. రెండోది సికిల్ సెల్ జబ్బు. ఎర్ర కణాలు కొడవలి ఆకారానికి వంగిపోయే ఈ జబ్బు గిరిజన కుటుంబాల్లో కనిపిస్తుంది. దీని నిర్మూలనకు కేంద్రం 2023 జూలైలో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ జబ్బున్నవాళ్ళ మూత్రపిండాలు నీటిని పట్టి వుంచలేవు. ఒళ్ళు ఎండిపోతున్నా మూత్రం పలచగా, ధారాళంగానే వస్తుంది. వాళ్ళ విషయంలో మూత్రం బాగానే వస్తోందని నిశ్చింతగా వుండడానికి లేదు. పైగా ఇమ్యునోగ్లోబ్యులిను రక్తాన్ని కాస్త చిక్కబరుస్తుంది, కొడవలి కణాలకు అది మంచిది కాదు. సికిల్ సెల్ పరీక్ష కార్డు వుంటే మొదటి రోజే డాక్టరుగారి చేతిలో పెట్టండి. అలాగే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు బంధువులున్నవాళ్ళు కూడా, ఇంట్లో మూత్రపిండాల జబ్బు వుందన్న మాట దాచకూడదు.

సరే, మంచం పక్కన కూచున్న మనం ఏం చెయ్యాలి?

మందు మొదలు పెట్టక ముందే, అడిగినా అడక్కపోయినా, చెప్పవలసినవన్నీ చెప్పాలి. చక్కెర జబ్బు, రక్తపోటు, ఈమధ్య విరేచనాలు, వాంతులు, జ్వరం, వాడిన మాత్రలు, నాటుమందులతో సహా. మా మరిదిగారి నొప్పి మాత్రల సంగతి అక్కడ ఎవరూ అడగలేదు. మా చెల్లెలికి చెప్పాలని తోచనూ లేదు. మాత్రల అట్టలు పారెయ్యకుండా ఒక సంచిలో వేసి తీసుకుపోతే, పేర్లు నోటికి రాకపోయినా బాధ లేదు.

రెండోది, “క్రియాటినిను పరీక్ష చేశారా అండీ? అంకె ఎంత వచ్చింది?” అని అడగాలి. మందుకు ముందు ఒకసారి, మందు నడుస్తున్నప్పుడూ, అయ్యాక కొన్నాళ్ళూ ఈ పరీక్ష అవసరం. హాని జరిగితే సాధారణంగా మొదటి వారం పది రోజుల్లోనే బయటపడుతుంది. ముందు అంకె తెలిస్తేనే కదా, తరవాత పెరిగిందో లేదో తెలిసేది!

మూడోది, సీసా మీద ఏముందో అడగడం. “ఇందులో కలిపింది సుక్రోజా, మరొకటా?” అని మర్యాదగా అడిగితే ఏ డాక్టరుగారూ తప్పు పట్టరు. మూత్రపిండాలు బలహీనంగా వుంటే చక్కెర లేని రకం ఇస్తారు, లేదా జీ.బీ.ఎస్. అయితే ప్లాస్మా మార్పిడి అనే మరో వైద్యం సంగతి ఆలోచిస్తారు. మాల్టోజు కలిసిన రకమైతే చక్కెర రోగులకు ఇంకో చిక్కు వుంది. వేలు గుచ్చి చూసే మిషన్లలో కొన్ని, మాల్టోజును కూడా చక్కెర కిందే లెక్కకట్టి, లేని చక్కెరను చూపిస్తాయి. అది నమ్మి ఇన్సులిను ఇస్తే ప్రమాదం. ఆ రోజుల్లో ఇంటి మిషనుతో చూసి సొంతంగా ఇన్సులిను వెయ్యకండి.

నాలుగోది, తొందరపెట్టకండి. ఈ మందు చుక్కలు చుక్కలుగా గంటల తరబడి ఎక్కుతుంది. “ఇంకా ఎంతసేపమ్మా, చుక్కలు కాస్త వేగం పెంచండి” అని నర్సును అడిగేవాళ్ళను నేను కళ్ళారా చూశాను. వేగం పెరిగితే మూత్రపిండాల మీద భారం పెరుగుతుంది. బస్సు తప్పిపోతే మరో బస్సు వస్తుంది.

అయిదోది నీళ్ళు. ఒంట్లో నీరు సరిపడా వుండాలి. కాని గుండె జబ్బు వున్నవాళ్ళకు నీరు ఎక్కువైనా ముప్పే. జీ.బీ.ఎస్.లో మింగే శక్తి తగ్గి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుచేత ఎంత ఇవ్వాలో, నోటితో ఇవ్వాలో సెలైనుతోనో, వాళ్ళను అడిగే చెయ్యండి.

ఆరోది, తలనొప్పి. ఈ మందు పడ్డాక తలనొప్పి రావడం మామూలే. మన చేతి సంచిలో ఎప్పుడూ వుండే నొప్పి మాత్ర తీసి ఇచ్చేస్తాం. ఇవ్వకండి. ఐబూప్రొఫెను, డైక్లోఫెనాకు వంటివి ఈ సమయంలో మూత్రపిండాలకు శత్రువులు. నర్సుకు చెబితే తగిన మాత్ర వాళ్ళే ఇస్తారు.

ఇక చివరిది, మన లెక్క. పెద్ద మనిషికి రోజు మొత్తానికి 400 మిల్లీలీటర్ల కంటే తక్కువ మూత్రం వస్తే అది గట్టి ప్రమాద సూచన. అంతదాకా ఆగకూడదు. నిన్నటికన్నా ఇవాళ బాగా తగ్గిందంటే అప్పుడే చెప్పాలి. పాదాలు, మొహం ఉబ్బినా, ఒక్కరోజులో బరువు పెరిగినా, ఆయాసం వచ్చినా, మూత్రం రంగు మారినా వెంటనే చెప్పాలి.

మా చెల్లెలు అదే చేసింది. ఆవిడకు క్రియాటినిను అంటే ఏమిటో తెలియదు. పాల లెక్క రాసే అలవాటు మాత్రం వుంది. మూత్రపు సంచి మీద గీతలు చూసి, ఆరు గంటలకొకసారి బడి నోటుపుస్తకంలో రాసుకుంది. మొదటి రోజు 1,300. రెండో రోజు 1,100. మూడో రోజు సాయంత్రానికి 250 కూడా లేదు. రాత్రి పదింటికి నర్సు దగ్గరికి వెళ్ళి పుస్తకం చూపించింది. “పొద్దున్న పెద్ద డాక్టరుగారు వస్తారులెండి” అన్నారట. “పొద్దుటి దాకా ఆగలేనమ్మా, ఇప్పుడే ఫోను చెయ్యండి” అని అక్కడే నిలబడిందట మా చెల్లెలు. నోట్లో నాలుక లేని మనిషి!

రక్తం తీసి చూశారు. మొదటి రోజు 1.2 వున్న క్రియాటినిను 2.6 అయింది. మందు ఆపారు. సెలైను సరిచేశారు. నొప్పి మాత్రల సంగతి అప్పుడు బయటికి వచ్చింది. అంకె 3.4 దాకా పోయి, అక్కడ నిలిచి, దిగడం మొదలుపెట్టింది. డయాలిసిస్ దాకా పోలేదు. మిగిలిన మందు చక్కెర లేని రకం తెప్పించి, నెమ్మదిగా ఎక్కించారు. రెండు వారాలకు మూత్రపిండాలు మామూలుకు వచ్చాయి. ఈ హాని కనిపెట్టి ఆపితే చాలామందిలో అలాగే సర్దుకుంటుంది. కాళ్ళు రావడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు మరిదిగారు చేతికర్ర లేకుండా పాడేరు సంతకు నడిచి వెళుతున్నారు.

పక్క మంచం మీద ముంచంగిపుట్టు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి వుండేదట. ప్లేట్‌లెట్లు పడిపోయిన కొడుకుకు ఇదే మందు. ఆమెకు చదువు రాదు. మా చెల్లెలు ఆమెకు ఒక కొలత గ్లాసు ఇచ్చి, గ్లాసుకు ఒక గీత చొప్పున కాగితం మీద గీయమని చూపించిందట. మర్నాటి నుంచి ఆ తల్లి రౌండ్ల వేళకు డాక్టరుగారికి ఆ గీతల కాగితం చేతికిచ్చేదట. మన పట్టణాల ఆసుపత్రుల్లో కొండ దిగి వచ్చినవాళ్ళు పక్క మంచాల మీద ఎందరో వుంటారు. మన లెక్క చూసుకుంటూ వాళ్ళకూ ఒక కాగితం ముక్క ఇవ్వడం మనకు పెద్ద పని కాదు కదా!

ఏదైనా మందు వల్ల చెడు జరిగిందని అనుమానం వస్తే, మందు పేరు, సీసా మీది బ్యాచి నంబరు రాసి వుంచి, డాక్టరుగారి ద్వారా తెలియజేయమనండి. ఇలాంటి సమాచారం సేకరించడానికి మన దేశంలో 2010 నుంచి ఒక జాతీయ కార్యక్రమం నడుస్తోంది. ఆనాడు అమెరికాలో చక్కెర సంగతి బయటపడింది కూడా అలా ఒక్కొక్కరుగా రాసి పంపినందువల్లనే.

ఇక వుంటాను. ఈ వారం పాల లెక్క రాసేటప్పుడు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు వాడుతున్న మాత్రల పేర్లు కూడా ఆ పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టండి.